వాక్స్థాన నిర్ణయము: సగము మెదడు నిద్ర

తెలుగువారు పక్షవాతము సోఁకినవానిఁ గూర్చి చెప్పునపుడు "చేయి పడిపోయినది", "కాలు పడిపోయినది" అందురు. ఆ నోటితోనే "మాట పడిపోయినది" అనియు నందురు. చేతికిని మాటకును ఒక్కటే క్రియ. ఇది లాక్షణిక ప్రయోగమని చెప్పి వైయాకరణుఁడు ముందునకు సాఁగవచ్చును గాని, యీ రెండు పాటులకును నడుమ శరీరశాస్త్రసిద్ధమైన సంబంధ మొకటి కలదు. కుడిచేయి పడిపోయినవానికి మాటయుఁ బడిపోవుట తఱచు. ఎడమచేయి పడిపోయినవానికి మాట నిలుచుట తఱచు. ఇట్లేల జరుగును? ఈ ప్రశ్నను పట్టుకొని పోయిన వైద్యులు ఇరువదవ శతాబ్దపు నడుమ నొక నిద్రమందును సాధనముగాఁ గొని, మెదడులో సగమును మాత్రము కొన్ని నిమిషములు నిద్రపుచ్చి, తక్కిన సగము మాటలాడఁగలదో లేదో చూచు నుపాయమును గనిపెట్టిరి. దాని నేర్పఱచిన జపానుదేశీయునిపేర దానికి వాడాపరీక్ష యని పేరు. ఆ పరీక్ష యెట్టిదో, అది వాక్కును గూర్చి యేమి తెలిపినదో భాషావిషయమున శ్రద్ధగల పండితులకు నివేదించుట యీ వ్యాసముయొక్క యుద్దేశము.

మెదడు రెండు అర్ధగోళములుగా నున్నది. ఎడమ యర్ధగోళము శరీరపు కుడిభాగమును, కుడి యర్ధగోళము ఎడమభాగమును నడపును. 1861వ సంవత్సరమునఁ బారిసునగరమునొద్ద బిసేత్రు వైద్యశాలలో లెబోర్న్యు అను రోగి యుండెను. ఇతరులు చెప్పినది గ్రహించుచుండియు, తాను మాత్ర మేది చెప్పఁబోయినను "టాన్" అను నొక్క శబ్దమే పలుకుచుండెను. అతఁడు మరణింపఁగాఁ బాల్ బ్రోకా యను వైద్యుఁ డతని మెదడును పరీక్షించి, యెడమవైపు ముందుభాగమున నొక చోటు చెడియుండుటను గనుఁగొనెను. అట్టి రోగులను మఱికొందఱను జూచిన పిమ్మట, 1865లో, మనము ఎడమ యర్ధగోళముతో మాటలాడుదు మని యతఁడు ప్రకటించెను. 1874లో జర్మనీదేశీయుఁడగు కార్ల్ వెర్నికే, యెడమవైపున మఱికొంత వెనుకఁ జెడినవారు ధారాళముగాఁ బలుకుచునే యర్థములేని మాట లాడుదురనియు, ఇతరుల మాటలు గ్రహింపలేరనియుఁ జూపెను.

ఈ జ్ఞాన మంతయు మరణించినవారి మెదళ్ళనుండి వచ్చినది. వ్యాధి రావలయును, రోగి మరణింపవలయును, పిదప వైద్యుఁడు చూడవలయును. ఎదుట కూర్చుండియున్న జీవించిన మనుష్యునికి వాక్కు ఏ ప్రక్కనున్నదో చెప్పుట కిది చాలదు. అది తెలియవలసిన యవసరము అపస్మారరోగ చికిత్సలో వచ్చెను. మందులకు లొంగని మూర్ఛలు గలవారికి, మూర్ఛ పుట్టు చోటును మెదడునుండి కోసి తీసివేయు శస్త్రచికిత్స కలదు. కెనడాదేశమున మాంట్రియాలు నగరములో వైల్డర్ పెన్‌ఫీల్డు 1934లో స్థాపించిన నాడీవైద్యసంస్థ యిందుకుఁ బ్రసిద్ధి కెక్కెను. తీసివేయు భాగము వాక్కునకు నెలవైన పక్షమున రోగికి మూర్ఛ పోవును, మాటయుఁ బోవును. కుడిచేతివాటము గలవారివిషయమున వైద్యులు కొంత ధైర్యము వహింపఁగలిగిరి. పుర్రచేతివాటము గలవారివిషయమున వారికి దారి తోఁపలేదు. చేయి తాఱుమాఱైనవానికి మెదడును తాఱుమాఱై యుండునని పలువురు నమ్ముచుండిరి. 1941లో అమెరికాదేశమున గార్డ్నర్ అను శస్త్రవైద్యుఁడు పుర్రచేతివారి పుఱ్ఱెకు రంధ్రముచేసి, తిమ్మిరెక్కించు మందును మెదడులోనికే ఎక్కించి, మాట పడిపోవునో లేదో చూచెను. ఆలోచన సరియైనదే, మార్గము మాత్రము మోటుది.

ఇఁక మందుమాట. బార్బిట్యూరేటులను నిద్రమందుల వంశమునకు మూలపురుషుఁడు బార్బిట్యూరికామ్లము. దీనిని 1864లో అడాల్ఫ్ ఫాన్ బేయరు తయారుచేసెను. ఈ పేరునకు వ్యుత్పత్తి యేమని యడిగినచో రసాయనశాస్త్రజ్ఞులు నాలుగుతీరులఁ జెప్పుదురు: బార్బరా యను క్రైస్తవ పుణ్యవనిత పండుగనాఁడు పేరు పెట్టెనని కొందఱు, బార్బరా యను పరిచితురాలి పేరని కొందఱు. నిరుక్తకారుల కలవాటైన చిక్కే యిది. ఆ యామ్లమునకు నిద్రపుచ్చు గుణము లేదు. 1903లో ఎమిల్ ఫిషరు, యోసెఫ్ ఫాన్ మేరింగు అనువారు దానినుండి పుట్టిన బార్బిటాలునకు ఆ గుణమున్నదని తెలిపిరి. అది వెరొనాల్ అను పేర విక్రయమునకు వచ్చెను. 1912లో వచ్చిన ఫీనోబార్బిటాలు మన దేశమున గార్డినాల్ అను పేర మూర్ఛరోగులకుఁ జిరపరిచితము. 1923లో ఎలి లిల్లీ సంస్థకు చెందిన షోన్లె, మొమెంట్ అను నిరువురు అమోబార్బిటాలును గావించిరి. వాడాపరీక్షకు నాయకస్థానము వహించినది యిదియే. వ్యవహారమున దీనికి అమిటాల్ అని పేరు.

ఈ మందులు పనిచేయు తీరు తరువాతఁ దెలిసినది. మెదడున నాడీకణముల నణఁచి యుంచు గాబా యను ద్రవ్య మొకటి కలదు. అది కణద్వారములను తెఱచి క్లోరైడును లోనికి విడుచును. అందుచేఁ గణము శాంతించును. బార్బిట్యూరేటు ఆ ద్వారము తెఱచియుండు కాలమును పొడిగించును. మోతాదు మించెనేని ఊపిరి నడపు కణములు గూడ శాంతించును. నిద్రకును మృత్యువునకును నడుమ నెడము మిక్కిలి సన్నమగుటచేతనే 1960 తరువాత బెంజోడయాజిపీనులను వేఱు జాతి మందులు వచ్చి వీనిని నిద్రమందుల స్థానమునుండి తొలఁగించినవి. ఈ వంశపు మందులకే "సత్యము పలికించు మందు" లన్న ప్రతీతియుఁ గలిగెను. మత్తులోనున్నవాఁడు ధారాళముగా మాటలాడుట నిజమే గాని, యాడినదెల్ల సత్య మగుననుట కాధారము లేదు. సమ్మతి లేనివానిపై నిట్టి పరీక్ష చేయుట రాజ్యాంగవిరుద్ధమని మన సర్వోన్నత న్యాయస్థానము 2010లో సెల్వి వ్యాజ్యమునఁ దీర్పు చెప్పినది. నాలుక వదులు చేయునన్న మందే నాలుకను కట్టివేయుటకుఁ బనికివచ్చుట విచిత్రము.

జూన్ వాడా 1924లో టోకియోలో జన్మించి, హొక్కాయిడో విశ్వవిద్యాలయమున నాడీవైద్య మభ్యసించెను. ఆ కాలమున మనోరోగులకు విద్యుత్తుచే మూర్ఛ కలిగించు చికిత్స వాడుకలో నుండెను. చికిత్స ముగిసినవెనుక కొందఱు రోగులకు మాటయు జ్ఞాపకమును తడఁబడుట అతఁడు గమనించెను. వాక్కునకు నెలవైన యర్ధగోళమును ముందుగా నిద్రపుచ్చినచో మూర్ఛ దానికి సోఁకకుండును గదా యని యతని యూహ. ఇంతలోఁ దలకు ఎడమవైపునఁ దుపాకిగుండు దెబ్బతగిలి ఎడతెగని మూర్ఛలలో నున్న యొక యువకునకు, మెడలో నెడమవైపున మెదడునకు నెత్తురు గొనిపోవు ధమనిలోనికి అమిటాలు నెక్కించెను. మూర్ఛ లాఁగెను. కుడి కాలు సేతులు పడిపోయెను, మాటయుఁ బడిపోయెను. కొంతసేపటికి మఱల వచ్చెను. ఇట్టి యనుభవములపై 1949లో వాడా తన పద్ధతిని జపాను భాషలోఁ బ్రకటించెను. జపాను వెలుపలఁ జదివినవారు లేకపోయిరి. దేశభాషలలో వెలువడు శాస్త్రవ్యాసముల పాటు అంతటను నొక్కటియే. 1950వ దశకపు నడుమ నతఁడు మాంట్రియాలునకుఁ బోవఁగా, వాక్స్థానము దెలియక తపించుచున్న శస్త్రవైద్యులకు అతని పద్ధతి పెన్నిధియైనది. అక్కడి థియొడోర్ రాస్ముస్సెనుతోఁ గూడి వాడా 1960లో ఆంగ్లమున వ్రాసిన వ్యాసముతోఁ బరీక్ష లోకప్రసిద్ధ మయ్యెను. వాడా పిదప వాంకూవరు నగరమున స్థిరపడి, 2023లో మరణించెను.

పరీక్ష జరుగు క్రమము. రోగి వెల్లకిల పరుండి, రెండు చేతులు పైకెత్తి, అంకెలు లెక్కపెట్టుచుండును. తొడలోని ధమనినుండి సన్నని గొట్టమును మెడలోని ధమనివఱకుఁ బోనిచ్చి, వైద్యుఁడు ఒకవైపున మాత్రము మందు నెక్కించును. సాధారణముగా నది నూఱు మొదలు రెండువందల మిల్లీగ్రాములలోపు. కొన్ని క్షణములలో ఎదుటివైపు చేయి జాఱిపడును. ఆ యర్ధగోళము నిద్రించిన దనుట కది గుఱుతు. వాక్కు ఆ ప్రక్కనున్నయెడల లెక్క నిలిచిపోవును. రోగి మేలుకొనియే యుండును. కన్నులు తెఱచి చూచును. తాను మాటలాడలేక పోవుటను గ్రహించినట్లును గాన్పించును. రెండవ ప్రక్కనైనచో లెక్క కొంచెము తడఁబడి మఱల సాఁగును. పరీక్షకునకుఁ జిక్కునది కొలఁది నిమిషములు మాత్రమే. ఆ లోపల వస్తువులు చూపి పేళ్ళడుగును, వాక్యములు చదివించును, చెప్పినట్లు చేయించును, వారముల పేళ్ళను ముందునుండి వెనుకకును, వెనుకనుండి ముందునకును చెప్పించును. మాట తిరిగి వచ్చునపుడు ఒక్కసారిగా రాదు. గడియారమును జూపిన వేఱొక పేరు పలుకుట, ఒక పేరునే పదిమాఱులు చెప్పుట, అక్షరములు తాఱుమాఱగుట చూడవచ్చును. మందు దిగిన పిదప, లేదా వేఱొకనాఁడు, రెండవ ప్రక్కను బరీక్షింతురు. బ్రెండా మిల్నరు అను మనశ్శాస్త్రజ్ఞురాలు దీనికి జ్ఞాపకపరీక్షను జతచేసెను: సగము మెదడు నిద్రించునపుడు చూపిన వస్తువులను మందు దిగిన తరువాత రోగి గుర్తింపఁగలఁడా యని చూతురు.

ఈ పరీక్షనుండి లభించిన లెక్కలను రాస్ముస్సెను, మిల్నరు 1977లోఁ బ్రకటించిరి. చిన్ననాఁడు ఎడమ మెదడునకు దెబ్బ తగిలినట్లు గుఱుతులు లేని రోగులలోఁ గుడిచేతివారు 140 మంది. వారిలో నూటికి 96 మందికి వాక్కు ఎడమవైపుననే యున్నది, 4గురికిఁ గుడివైపున. కుడిచేతివాటము లేనివారు 122 మంది. వారిలో నూటికి 70 మందికి ఎడమవైపున, 15 మందికిఁ గుడివైపున, 15 మందికి రెండువైపుల. వీరెల్లరు అపస్మారరోగులే గాని యారోగ్యవంతులు గారని మఱవరాదు. అయినను, చేయి తాఱుమాఱైనచో వాక్కును తాఱుమా ఱగునన్న పాతనమ్మకము ఇంతటితోఁ గూలినది. పాఠశాలలలోఁ బుర్రచేతితో వ్రాయు బాలుని చేతిపై బెత్తము వేయు నాచారము మన యెఱిఁగినదే. అట్టి బాలురలోఁ బెక్కండ్రకు వాక్కు తక్కినవారికివలెనే ఎడమవైపున నున్నదని యీ లెక్కలు సూచించుచున్నవి. చేతివాటమును జూచి వారి బుద్ధినిఁగాని మాటనుగాని వేఱుజాతిదిగా నెంచుటకుఁ గారణము కానరాదు.

చిన్ననాఁడే ఎడమ మెదడు చెడినవారి లెక్క వేఱు. వారిలోఁ గుడిచేతివాటము లేని 92 మందిని జూడఁగా, నూటికి 53 మందికి వాక్కు కుడివైపునకుఁ బోయియున్నది. నెలవు చెడినచో వాక్కు బాల్యమున వేఱు నెలవును వెదకికొనఁగలదన్నమాట. పెద్దలయందును గొంతవఱకు నిట్లు జరుగుట కలదు. ఎడమ మెదడు దెబ్బతిని మాట కుంటువడిన కొందఱికిఁ గుడివైపున మందెక్కింపఁగా, మిగిలియున్న యా కుంటిమాటయు నాఁగిపోయినదని కిన్స్‌బోర్న్ 1971లో వ్రాసెను. ఆ మాటలను పలుకుచుండినది కుడి మెదడన్నమాట.

నాకు మిక్కిలి ముఖ్యమని తోఁచు సంగతి యింకను ముందున్నది. వైద్యుఁ డడిగిన ప్రశ్న వాక్కు ఏ ప్రక్క నున్నదని. పరీక్ష యిచ్చిన సమాధానములలో వాక్కు ఒక్కటి గాదనునది గలదు. రెండువైపుల వాక్కు గలవారిలోఁ గొందఱికి ఒక ప్రక్క నిద్రించినపుడు వస్తువుల పేళ్ళు తప్పినవి, వరుస తప్పలేదు. రెండవ ప్రక్క నిద్రించినపుడు వారముల వరుస తప్పినది, పేళ్ళు నిలిచినవి. పేరు పెట్టుట యొకటి, వరుస యొప్పగించుట వేఱొకటి. ఎక్కములు గడగడ నొప్పగించు బాలుఁడు ఎదుట నున్న వస్తువునకుఁ బేరు తోఁపక నిలుచుటను, దానికి విపర్యయమును, ఉపాధ్యాయులు చూచియే యుందురు.

లాస్ ఏంజిలిసున బోగెన్, గోర్డన్ అనువారు 1971లోను తరువాతను వెల్లడించిన పరిశీలనములు పద్యప్రియులకు మఱింత రుచించును. వారు రోగులచేఁ బాటలు పాడించిరి. కుడి మెదడు నిద్రించినపుడు మాట చాలవఱకు నిలిచినది గాని రాగము చెడినది. స్వరముల యారోహావరోహములు పోయి పాట యొకే శ్రుతిలోఁ జదునుగా సాఁగినది. లయ మాత్ర మంతగాఁ జెడలేదు. పద్యమును రాగయుక్తముగాఁ జదువు మనకు పద్యపఠనము ఒక్క పనిగాఁ దోఁచును. పదములొక యింట, రాగము వేఱొక యింట కాఁపురముండి, చదువునపుడు మాత్రము కలిసివచ్చుచున్నవని యీ పరిశీలనమునుబట్టి యూహింపవచ్చును. సంభాషణమునందలి కాకువు, అనఁగాఁ గోపము, వేడికోలు, పరిహాసము మొదలగువాని ధ్వని, సైతము కుడి మెదడు నిద్రించినపుడు చప్పబడుటను మఱికొందఱు శబ్దయంత్రములతోఁ గొలిచి చూపిరి.

1986లో దమాసియో మొదలగువారు ప్రకటించిన దృష్టాంతము వేఱొక సందేహమును దీర్చినది. ఒక స్త్రీ కుడిచేతివాటము గలది, చెవులు వినఁబడునది. ఆమెకు ఆంగ్లభాషయు, చెవిటివారు చేతులతో మాటలాడు అమెరికా సంజ్ఞాభాషయు రెండును వచ్చును. ఎడమ మెదడును నిద్రపుచ్చఁగా నామెకు రెండు భాషలును జెడినవి. చూచుటకు సంజ్ఞలు చిత్రములవంటివి, కనుక కుడి మెదడునకుఁ జెందునని యూహించువారికి ఇది ప్రత్యుత్తరము. ఎడమ మెదడు కాపాడునది కంఠధ్వనిని గాదు, భాషను. పిమ్మట నామెకుఁ గుడి మెదడులో శస్త్రచికిత్స జరుగఁగా రెండు భాషలును క్షేమముగా నిలిచినవి. వైఖరికి వెనుక మధ్యమయని, పశ్యంతియని వాక్కున కంతస్తులు చెప్పిన భర్తృహరిని బండితు లిచ్చట స్మరింతురు. స్మరింపవచ్చును, ధ్వనికంటె భాష వేఱన్న వివేకము ఆయనయందు స్పష్టముగా నున్నది. ఇంతమాత్రమున మధ్యమకు మెదడులో నిదే చోటని వ్రేలు పెట్టి చూపుట మాత్రము శాస్త్రమునకును ద్రోహము, భర్తృహరికిని ద్రోహము.

పరీక్షకుఁ గొఱఁతలు గలవు. ధమనిలో గొట్టము నడపుట యపాయరహితము గాదు. అరుదుగా నైనను పక్షవాతము కలుగవచ్చును. మెడధమని మెదడు వెనుకభాగమునకు నెత్తురు గొనిపోదు గనుక జ్ఞాపకమునకు నెలవైన భాగమంతయు నిద్రింపదు. కొందఱియందు మందు రెండవ ప్రక్కకును జేరును. అమిటాలు దొరకుటయు నీ మధ్య దుర్లభ మగుటచే, మెథోహెక్సిటాలును, బార్బిట్యూరేటు వంశమునకుఁ జెందని ఎటోమిడేటును వాడువారు గలరు. 1990వ దశకమునుండి అయస్కాంత చిత్రపద్ధతి వచ్చినది. రోగి మాటలు తలంచుచుండఁగా మెదడులో నెత్తురు ఏ చోట హెచ్చునో అది చూపును, సూదియుఁ గొట్టమును అక్కఱలేదు. 2017లో అమెరికా నాడీవైద్యపరిషత్తు, వాక్కు ప్రక్కను నిర్ణయించుటకుఁ బెక్కుచోట్ల వాడాపరీక్షకు బదులుగా నీ పద్ధతి చేకొనవచ్చునని సూచించినది. కాని రెంటికిని భేదము కలదు. చిత్రము చూపునది మాటలాడునపుడు పనిచేయు చోటును. నిద్రమందు చూపునది లేనిదే మాట సాగని చోటును. పెండ్లిలో సందడి చేయువారు వేఱు, ఎవరు లేనిదే పెండ్లి జరుగదో వారు వేఱు గదా.

ఈ పరీక్షలు ఏ పద్ధతిఁ జేసినను రోగియొక్క మాతృభాషలోఁ జేయవలసినవి. తెలుగురోగికి ఉల్లిపాయ చిత్రమును జూపినచో, కోస్తావాఁడు ఉల్లిపాయ యనును, తెలంగాణమువాఁడు ఉల్లిగడ్డ యనును, రాయలసీమవాఁడు ఎఱ్ఱగడ్డ యనును. వేరుసెనగను పల్లీ యనువారును, బుడ్డలనువారును గలరు. పుస్తకభాష మాత్ర మెఱిఁగిన పరీక్షకుఁడు ఎఱ్ఱగడ్డయను మాటను వినఁగానే, నిద్రించిన మెదడు చేసిన తప్పని గుఱుతువేయునేని, యా గుఱుతును నమ్మి శస్త్రవైద్యుఁడు కత్తి పట్టును. కావుననే మందెక్కించుటకు ముందుగా చిత్రము లన్నియుఁ జూపి, రోగి తన యింటిపలుకుబడిలో నేమనునో, ఆ యుచ్చారణముతోనే వ్రాసికొనుట నియమముగాఁ బెట్టుకొనవలెను. తెలుగునకుఁ బదముల పట్టికలు కూర్చువారు ఒక్కొక్క వస్తువునకు నానాసీమల పేళ్ళనుఁ జేర్చుకొనవలెను. ఏ పేరు ఏ సీమదో చెప్పుటకు వైద్యునికంటె మాండలికపదములు సేకరించిన పండితుఁడే తగినవాఁడు.